మా అత్తగారి ఆకుమందు

మా మనుమరాలు హైదరాబాదున కళాశాలలో చదువుకొనుచున్నది. మొన్న దసరా సెలవులకు ఘణపురము వచ్చినప్పుడు క్రొత్త నోటుపుస్తకమొకటి వెంట తెచ్చి, "అవ్వా, నీకెరుకైన మందులన్నీ చెప్పు, రాసుకుంట" అని మా యెదుట చాప పరచుకొని కూర్చుండినది. ఈ కోరిక యెక్కడిదని యడుగగా ఐర్లండు దేశపు ముచ్చట యొకటి చెప్పినది. ఆ దేశమున 1937 మొదలు 1939 వరకు జానపద విషయములు సేకరించు సంఘమువారు బడిపిల్లల చేతికి పుస్తకములిచ్చి, మీ తాతలను అవ్వలను అడిగి వారు చెప్పిన కథలు, ఆటలు, మందులు, మ్రొక్కులు వ్రాసికొని రండని పంపిరట. సుమారు 5,000 బడుల పిల్లలు ఆ పని చేసిరి. వారు వ్రాసిన పుటలు నేటికిని డబ్లిను నగరపు విశ్వవిద్యాలయమున భద్రముగా నున్నవి. "ఐదో తరగతి పిల్లలు చేసిన పని నేను చెయ్యలేనా?" అని మా మనుమరాలి పంతము.

మాకును ఆ మాట నచ్చినది. మా యూరిని కొండమీది కోటవలన ఖిల్లా ఘణపూరని యందురు. రెండు కొండలను కలుపుచు గోన వంశపు దొరలు కట్టిన దుర్గమది. కాకతి గణపతిదేవుని పేర ఊరు గణపపురమైనదని పెద్దలు చెప్పుదురు. కోట సంగతి చరిత్రకారులు వ్రాసియే యున్నారు. ఆ కోట క్రింది యిండ్లలో ఆడువారు పిల్లల జ్వరములకేమి చేసిరో, బాలింతలకేమి పెట్టిరో వ్రాసినవారు మాకు కనబడలేదు.

మొదట సులభమైనవే చెప్పితిమి. బాలింతకు సొంటి, వాముపొడి. కడుపునొప్పికి వాము నమిలి వేడినీరు త్రాగుట. ఎర్రబడిన కన్నులకు రాత్రి నందివర్ధనపు పూలు పెట్టి పడుకొనుట. గవదబిళ్ళలకు మెడలో బంగారు గొలుసు. కంటి కురుపునకు అరచేతిలో వేలు వెచ్చపడునట్లు రుద్ది అద్దుట. దిష్టి తీయునప్పుడు ఉప్పును ఎండుమిరపకాయలను త్రిప్పి నిప్పులో వేసి, ఘాటు రాకున్నచో "అమ్మో, ఎంత దిష్టి తగిలెనో!" యనుట చదువరులైన సోదరీమణులలో నెరుగనివారుండరు. మా పిల్లలకు మేమును తీసితిమి, మా మనుమరాలికిని తీసితిమి. దానివలన జ్వరము తగ్గినదని చెప్పలేము గాని, తీసిన తరువాత తల్లి మనస్సు కొంత కుదుటపడునని మాత్రము చెప్పగలము.

చెప్పినకొలది ఆ పిల్ల ఐర్లండువారి మందులను జోడించుచు నవ్వించినది. అక్కడ కంటికురుపునకు గూస్‌బెర్రీ యను ముండ్లపొదనుండి తొమ్మిది ముండ్లు కోసి ఒక్కొక్కదానిని కంటివైపు చూపుదురట. కోరింతదగ్గు వచ్చిన బిడ్డను గాడిద కడుపుక్రిందినుండి అటునిటు దాటింతురట. మనవారికిని గాడిద యక్కరకు వచ్చినదే. పసిబిడ్డల దగ్గునకు ఉబ్బసమునకు మంచిదని గాడిదపాలు అమ్మువారు గాడిదను తోలుకొని మా వీథిలోనికి వచ్చెడివారు, ఎదుటనే పితికి ఉగ్గుగిన్నెలో పోసెడివారు. మరియొకటి విని మేము మిక్కిలి నవ్వితిమి. పుట్టినింటి పేరును మెట్టినింటి పేరును ఒకటేయైన స్త్రీ చేతి రొట్టె తినిన కోరింతదగ్గు పోవునట! మనలో ఒకే యింటిపేరివారికి పెండ్లియే కూడదు గదా. ఆ మందు తెలుగు దేశమున దొరకు నాశ లేదు.

అమ్మవారి మాట వచ్చినప్పుడు నవ్వు ఆగినది. మా అత్తగారి మొగమున మచ్చలుండెడివి. చిన్నతనమున పెద్దమ్మవారు పోసి బ్రతికి బయటపడినవారామె. వాకిట వేపమండలు కట్టుట, బయటివారిని రానీయకుండుట, తిరగమోత వేయకుండుట, పోచమ్మకు మ్రొక్కుకొనుట, చివరికి వేపాకునీళ్ళు పోయుట అన్నియు మనుమరాలికి చెప్పితిమి. వేపమండ చూచి వచ్చినవారు వెనుదిరుగుటవలన రోగము ప్రక్కయింటికి పాకుట కొంత తగ్గియుండవచ్చును. కాని ఆ మహమ్మారిని తరిమినది టీకాయే. భారతదేశమున కడపటి మశూచికపు రోగి 1975లో కనబడెను. ప్రపంచమంతట అది సమసిపోయినదని 1980లో ప్రకటించిరి. ఇప్పుడు అమ్మవారు పోసినదన్నచో చిన్నమ్మవారనియే యర్థము.

ఇంతవరకు పుస్తకమున ఎనిమిది పుటలు నిండినవి. అప్పుడు ఆ పిల్ల, "పసిరికల మందు చెప్పలేదేమి? మన యింటి మందు అదే కదా?" అని యడిగినది.

మేము లేచి పొయ్యిమీది పాలు చూచు నెపమున లోపలికి పోతిమి.

పచ్చకామెర్లను మావైపు పసిరికలందురు. మా అత్తగారింట మూడు తరములనుండి దానికి ఆకుమందిచ్చుట ఆచారము. ఆదివారము, గురువారము, ప్రొద్దు పొడవకముందు, పరగడుపున. రోగి స్వయముగా రావలెను. సొమ్ము తీసికొనరాదు, నయమైనవారు తిరిగివచ్చి దేవునియెదుట కొబ్బరికాయ కొట్టిపోవలెను. ఆకు పేరు బయటివారికి చెప్పరాదు, చెప్పిన ఆకు పని చేయదు. ఇంటి ఆడపిల్లకైనను చెప్పరు, ఆమె వేరొక యింటికి పోవునది గనుక. కోడలికి చెప్పుదురు. మేము కాపురమునకు వచ్చిన మూడవనాడు మా అత్తగారు దీపముముందు కూర్చుండబెట్టి మా చేత ప్రమాణము చేయించిరి. ఇట్టి కట్టుబాట్లు ఒక్క మనయందే లేవు. ఐర్లండు పల్లెలలోను ఒక్కొక్క రోగమునకు ఒక్కొక్క కుటుంబమున మందుండునట, దానికి సొమ్ము పుచ్చుకొనరట. మన హైదరాబాదులో మృగశిర కార్తెనాడు బత్తినివారు ఉబ్బసరోగులచేత కొరమీను పిల్లతో మందు మ్రింగించుట 1845 నుండి సాగుచున్నదని చెప్పుదురు. వారును సొమ్ము తీసికొనరు, మందు రహస్యమును వెల్లడింపరు. ఉచితముగా నిచ్చువారియెడల జనులకు నమ్మక మెక్కువ. ఆ నమ్మకమే ఇచ్చువారిమీద నెంత బరువు పెట్టునో ఇచ్చువారికే తెలియును.

మా అత్తగారు వచ్చినవారి కన్నులు, గోళ్ళు, నాలుక దీపపు వెలుతురున చూచెడివారు. ఆకు వేళ్ళతో పెరికి, మూడునీళ్ళ కడిగి, నూరి, చిన్న ఉసిరికాయంత ముద్దను మేకపాలలో కలిపి త్రాగించెడివారు. నూనె, కారము మానుమనియు, మజ్జిగన్నము తినుమనియు, నీరు కాచి త్రాగుమనియు, ఎండలో పనికి పోవలదనియు చెప్పెడివారు. మూడు వారములలో పదిమందిలో తొమ్మండుగురు తేరుకొని కొబ్బరికాయతో వచ్చెడివారు. వచ్చినవారికొక్కొక్క చింతగింజ చొప్పున ఆమె యొక ముంతలో వేసెడివారు. రానివారి లెక్క వేయుట ఆమెకు తోచలేదు, మాకును తోచలేదు.

1986 శ్రావణమాసము. ఆదివారము తెల్లవారుజామున ముసురు. వాగవతలి పల్లెనుండి ఒక చిన్నవాడు గొంగడి కప్పుకొని వచ్చెను. భార్యకు కన్నులు పచ్చబడినవనియు, నడువలేకున్నదనియు, వాగు పారుచున్నదనియు, ఆకు తన చేతికే ఇప్పింపుడనియు కాళ్ళమీద పడినంత పని చేసెను. మా అత్తగారు చాలసేపు ఊరకుండిరి. రోగిని చూడక ఆకు ఈయరాదని ఆమె నియమము. వాన చూచి, వాని కన్నీరు చూచి, చివరకు "నూరు" అని మాతో ననిరి. నూరినది మేమే. పొట్లము కట్టినదియు మేమే. ఆ పిల్ల వయసెంత, యెన్నవ నెల యను మాట మాలో నొక్కరికిని నోట రాలేదు. మొగవాడు గనుక వాడును చెప్పలేదు.

గురువారము నాడు బండిమీద ఆమెను తెచ్చిరి. ఏడవ నెల గర్భము. కన్నులు మూతలు పడుచున్నవి. పేరు పెట్టి పిలిచిన పలుకుట లేదు; పలికిన మాటకు పొంతన లేదు. మా అత్తగారు దీపము దగ్గరకు తెచ్చి ఆ మొగము ఒక్కమారు చూచి, రోలువైపు పోవుచున్న మమ్ము చేయిపట్టి ఆపిరి. "ఆకు నూరకు. ఇది మన ఆకుకు లొంగేది కాదు. పెద్ద దవాఖానకు తోల్కపోండ్రి" అనిరి. వచ్చినవారు ఒప్పుకొనలేదు. ఒక ముసలమ్మ, "మూడు తరాల చెయ్యి, మా పిల్ల కాడికే రాకపాయెనా?" అని మొగమువాచునట్లు తిట్టినది. మా అత్తగారు మారు పలుకలేదు. లోపలికి పోయి బియ్యపు కుండలో దాచిన రూకలు తెచ్చి వారి కొంగున కట్టి, ఊరిలోని జీపు మాట్లాడించి, తాముకూడ ఎక్కిరి. జన్మలో ఒకరివద్ద రూపాయి పుచ్చుకొనని మనిషి.

ఆ పిల్ల ఇరువదిదినములు ఆసుపత్రిలో నుండి బ్రతికినది. కడుపులోని మగబిడ్డ దక్కలేదు.

ఇప్పుడు చదువుకొనిన పిల్లలవలన మాకు తెలిసినదేమనగా, పసిరికలన్నియు ఒకటి కావు. మురికినీటివలన వచ్చు వానిలో రెండు తెగలున్నవి. రెండును చాలమందికి కొన్ని వారములలో వాటియంతట అవియే తగ్గును. మా అత్తగారి మూడు వారములకు ఆ కొన్ని వారములకు పొత్తు కుదిరినది. కాని అందులో 'ఇ' తెగ యనునది గర్భిణులపాలిటి యముడు. నెలలు నిండవచ్చిన వారికి సోకెనేని 100కి 20 మొదలు 25 మంది వరకు మరణింతురని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. 1955 చివర ఢిల్లీ నగరమున యమున నీటిలో మురుగు కలిసి 29,000 మందికి పైగా పసిరికలు వచ్చినప్పుడు ఎక్కువ నష్టపోయినవారు గర్భిణులే. అది ఈ తెగయేనని చాల ఏండ్లకు గాని తేలలేదు. ఆదివారమునకు గురువారమునకు నడుమ నాలుగు దినములు. మొదటినాడే పోయియున్న బిడ్డ దక్కెడిదా యని మేము ఎందరినో అడిగితిమి. దక్కెడిదని ఎవరును ఖండితముగా చెప్పలేదు. ఆ ప్రశ్న మమ్ము విడువలేదు.

ఒక యేడాది గడచినది. ఒక ఆదివారము ఆ పిల్లయే కొబ్బరికాయ పట్టుకొని వాకిట నిలుచుండినది. "మీ ఆకే నన్ను బతికిచ్చిందవ్వా" అని మా అత్తగారి కాళ్ళు పట్టుకొనినది. మా అత్తగారు కాయ అందుకొనలేదు. ఆమెను లేవదీసి, కూర్చుండబెట్టి, అన్నము పెట్టి, రవికెగుడ్డ యిచ్చి పంపిరి. ఆనాడు ముంతలో చింతగింజ వేయలేదు. దొడ్డిలోనికి పోయి తెల్లని పలుగురాయి యొకటి తెచ్చి వేసిరి. ఆమె పోయిన తరువాత 1999లో ముంత బోర్లించినప్పుడు గింజలనడుమ ఆ రాయి యొక్కటే బయటపడినది.

ఆ యేటినుండి ఆమె ఆకు నూరకముందు మూడు ప్రశ్నలడిగెడివారు. ఆడుదైన, నెల తప్పినదా? పగలు రాత్రి యనక మగతగా నున్నదా, మాట తడబడుచున్నదా? వాంతులాగక యున్నవా, ఎక్కడనైన నెత్తురు కనబడినదా? ఇందులో ఏ యొక్కదానికి అవునన్నను ఆకు లేదు, ఆసుపత్రియే. తిట్టినను లేదు, ఏడ్చినను లేదు. మంచముపట్టిన దినములలో మాతో, "ఆకు ఇయ్యకున్నా మాయె, అడిగేది మాత్రం మర్వకు" అనిరి.

అటులైన ఆకిచ్చుట మానరాదా యని మా పెద్దకుమారుడు కోపపడును. మేమును ఒక యేడాది మానియుంటిమి. మానినందువలన జనులు తిన్నగా వైద్యునియొద్దకు పోయిరా? పోలేదు. ఒకచోట కాల్చిన యినుపకమ్మితో చేతులమీద వాతలు పెట్టిరి. మరియొకచోట చేదుబీర రసము ముక్కులో పిండిరి. ముక్కునుండి పచ్చని నీరు ధారగా కారుటచూచి, రోగమే కారిపోవుచున్నదని మురిసిరి. ఆ రసము పోసిన ఆరోగ్యవంతుని ముక్కుకూడ అట్లే కారును. ఇంకొకచోట చేతులకు మామిడిబెరడు నీరు పూసి సున్నపుతేటలో కడిగించిరి. బెరడును సున్నమును కలిసిన పచ్చరంగు వచ్చును. పళ్ళెములోని పచ్చనినీరు చూపి పసిరికలు దిగినవనిరి. అమాయకులను మోసగించుటకు ఇంతకన్న చౌకయైన ఉపాయము లేదు. వాతలు పడిన ఒక పసివాని చేయి చూచిననాడు మేము మరల రోలు కడిగితిమి.

ఇప్పటి మా పద్ధతి యిది. వచ్చినవారిని ముందు మా అత్తగారి మూడు ప్రశ్నలు అడుగుదుము. తరువాత నెత్తురు పరీక్ష చేయించుకొని కాగితము తెమ్మందుము. ఆ కాగితమును వైద్యునికి చూపించి ఆయన చెప్పినది మాకు చెప్పవలెను. ఆ పిమ్మటనే ఆకు. పరీక్షకు పొమ్మన్న ఎవరును పోరు; ఆకు కావలెనన్న ఆశతో పోవుదురు. నిరుడొకామె కాగితము తేబోయి, అందులో తనది నీటివలన వచ్చినది కాదనియు, నెత్తురు ద్వారా సంక్రమించు 'బి' తెగ యనియు తెలిసికొని, ఇప్పుడు పట్టణమున మందులు వాడుచున్నది. ఆమె ఆకుకొరకు తిరిగి రాలేదు. ముంతలో ఆమె పేర గింజ వేయవలెనా వలదా యని ఒక సాయంకాలమంతయు ఆలోచించి, వేసితిమి.

పాలు పొంగి చల్లారినవి. మనుమరాలు పుస్తకము మూయకుండ కూర్చుండియే యున్నది. ప్రమాణము మాట చెప్పితిమి. ఆమె వాదింపలేదు. "అవ్వా, నాన్నకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. నీ వెనుక ఎవరు అడుగుతరు ఆ మూడు మాటలు?" అని మాత్రమే యన్నది. మా కోడలు పట్టణమున ఉద్యోగము చేయుచున్నది. రోలు ముందు కూర్చుండు తీరిక ఆమెకు లేదు, ఉండవలెనని మేము కోరుటయు లేదు.

మరునాడు ప్రొద్దున ఆమెను వెంటబెట్టుకొని గణపసముద్రము కట్టవైపు నడిచితిమి. వానలు వెనుకబట్టిన యీ దినములలో అది చేలగట్ల వెంబడి, కాలిబాటల ప్రక్కన ఎక్కడ చూచినను మొలచియుండును. జానెడెత్తు మొక్క, చింతాకు వంటి సన్నని ఆకులు, ఆకుల క్రింద వరుసగా ఆవగింజలకన్న కొంచెము పెద్దవైన పచ్చని కాయలు. నేల ఉసిరి. కలుపని తీసి పారవేయుదురు. మా అత్తగారు ఎండకాలమునకు దొరకదని బావియొద్ద పాతకుండలో పెంచెడివారు.

"ఇదేనా! ఇంత మాత్రానికేనా ప్రమాణం?" అని మనుమరాలు నవ్వినది. వెంటనే చేతిలోని ఫోను తీసి వెదకి, 1988లో మద్రాసులోని పరిశోధకులు ఈ మొక్కను 'బి' తెగ కామెర్లు పట్టుకొని వదలనివారికిచ్చి చూచిరనియు, మొదట 100కి 59 మందిలో ఆ సూక్ష్మజీవి జాడ పోయినట్లు కనబడినదనియు, తరువాత ఇతరులు చేసిన పరీక్షలలో ఆ ఫలము నిలువలేదనియు చదివి వినిపించినది. మూడు తరములు మేము దాచిన దానిని వారెప్పుడో పుస్తకమునకెక్కించి, పరీక్షించి, ప్రక్కన పెట్టియున్నారు. మాకు సిగ్గువేసిన మాట నిజము. కొంత తేలికగాకూడ నుండినది.

ఈ పత్రికలో ఆకు పేరు వ్రాయుటచే మా ప్రమాణము చెడినది. చెప్పిన ఆకు పని చేయదన్న మాటయే నిజమైనచో, ఇకమీదట మా యింటికి వచ్చువారు తగ్గుదురు, వైద్యునియొద్దకు పోవువారు పెరుగుదురు. అందులకు మాకు విచారము లేదు.

సాయంకాలము ఆ పిల్ల తొమ్మిదవ పుట నింపి మాకు చదివి వినిపించినది. పైన పెద్ద అక్షరములతో మా అత్తగారి పేరు, దానిక్రింద మూడు ప్రశ్నలు, దానిక్రింద ఆసుపత్రికి పోవు త్రోవ, జీపునకు రూకలు దాచు బియ్యపుకుండ. పుట అడుగున చోటు చాలక సన్నగా, వంకరగా ఆకు పేరు వ్రాసినది. పైకి మార్చి వ్రాయనా అని యడిగినది. వలదంటిమి.